కృష్ణా నది వెనుక నీళ్ల (బ్యాక్‌వాటర్) వెంబడి సైకిల్: ఏ రోడ్డు ఖాళీ, ఏ ఊళ్లో బస

హైదరాబాద్ సైకిల్ వాళ్లకు నల్లమల అనగానే గుర్తొచ్చేది శ్రీశైలం రోడ్డు. నా మాట వింటే ఆ రోడ్డు వదిలేయండి. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అడవి బాగుంటుంది, కాదనను. కానీ అది 765వ నంబరు జాతీయ రహదారి. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను ఆపేస్తారు. పొద్దున గేటు ఎత్తగానే రాత్రంతా ఆగిన బండ్లన్నీ ఒక్కసారిగా బయల్దేరతాయి. సైకిల్ తొక్కడానికి చల్లగా ఉండే ఆ గంటే అక్కడ రద్దీ గంట. వంపుల్లో వెనక నుంచి హారన్ వింటూ ఎక్కుడు ఎక్కడం టెన్షన్ తప్ప సుఖం కాదు.

ఖాళీ రోడ్డు కావాలంటే మ్యాపులో ఒక్కటి చూసుకోండి: ఆ రోడ్డు నీళ్ల దగ్గర ఆగిపోతుందా, లేదా? శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాలు నిండాక కృష్ణ ఒడ్డున ఉన్న ఎన్నో ఊళ్లు మునిగిపోయాయి. మిగిలిన ఊళ్లలో చాలావాటికి అవతలి ఒడ్డుకు వంతెన లేదు. ఆ ఊరి వాళ్లు, ఆ ఊళ్లో పనున్న వాళ్లు తప్ప ఆ రోడ్డెక్కే వాళ్లుండరు. లారీలు అసలే రావు. పాత మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల దక్షిణపు అంచు పొడవునా ఇలాంటి రోడ్లే. నేను తిరిగిన వాటిలో కొల్లాపూర్ చుట్టుపక్కలకే మొదటి మార్కు వేస్తాను.

అక్కడికి బస్సులో కూడా వెళ్లొచ్చు. మాకు మాత్రం రైలే నచ్చింది. వనపర్తి రోడ్ స్టేషన్లో దిగితే సరళాసాగర్ దగ్గరే. 1949లో పునాది వేసి 1959లో ప్రారంభించిన ఈ ప్రాజెక్టుకు వనపర్తి సంస్థానం రాణి సరళాదేవి పేరు పెట్టారు. మత్తడి దగ్గర సైకిల్ ఆపి తప్పక చూడండి. అక్కడ ఎత్తాల్సిన గేట్లు లేవు, సైఫన్లు ఉన్నాయి. నీళ్లు నిండు మట్టానికి చేరగానే సైఫన్ లోపలి గాలిని ప్రవాహమే లాగేస్తుంది. ఆ గాలి పోగానే నీళ్లు వాటంతటవే ధారగా బయటికి దూకుతాయి. మట్టం తగ్గి మళ్లీ లోపలికి గాలి చొరబడితే ధార ఆగిపోతుంది. కరెంటు లేదు, మనిషి అక్కర్లేదు. ఇంత తెలివైన కట్టడానికి 2019 డిసెంబర్ 31న గండి పడింది, తర్వాత బాగు చేశారు. సైఫన్లు పని చేయడం చూడాలంటే మంచి వానలు పడ్డ ఏడాది వెళ్లాలి.

కొత్తకోట దగ్గర 44వ జాతీయ రహదారి అడ్డం వస్తుంది. దాన్ని దాటి వనపర్తి దాకా వెళ్లే రోడ్డు మామూలు రద్దీ రోడ్డే, దాని గురించి చెప్పేదేమీ లేదు. శ్రీరంగాపూర్ వైపు తిరిగాక గాలి మారుతుంది. వనపర్తి రాజులు తవ్వించిన పెద్ద చెరువులను జనం సప్త సముద్రాలంటారు. వాటిలో రంగసముద్రం ఒడ్డునే రంగనాయకస్వామి గుడి ఉంది. గోపురం ఎదురుగా నీళ్లు, మండపం నీడ, చుట్టూ గట్టు. మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా అక్కడే కూర్చోవచ్చు, ఎవరూ లేవమనరు. గుడి దగ్గర భోజనం దొరుకుతుందని నమ్ముకోవద్దు, వనపర్తిలోనే తినేసి రండి.

శ్రీరంగాపూర్ నుంచి కొల్లాపూర్ వైపు వెళ్లే దారి పెద్దగా ఎక్కుడు దిగుళ్లు లేనిది. ఒక పక్క వరి మళ్లు, ఇంకో పక్క మామిడి తోటలు. కానీ కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, అంచున వరుసగా రాళ్లు పెడతారు. పగలు సర్దుకుపోవచ్చు, చీకటి పడితే ఆ రాళ్లు కనపడవు. రైతును తప్పుపట్టను, ఆరబోయడానికి వాళ్లకు ఇంకెక్కడ చోటుంది? పొద్దు గూకక ముందే ఊరు చేరేలా మనమే చూసుకోవాలి. దారిలో సింగోటం చెరువు గట్టు మీద ఆగండి. లక్ష్మీనరసింహస్వామి గుడి, వెనక గుట్టలు, ఎదురుగా సముద్రమంత చెరువు. సంక్రాంతికి ఇక్కడ జాతర జరుగుతుంది. ఆ రోజుల్లో మాత్రం ఈ రోడ్డు ఖాళీగా ఉంటుందని అనుకోవద్దు.

కొల్లాపూర్‌ను మకాంగా పెట్టుకుంటే అక్కడి నుంచి రెండు మంచి తొక్కుళ్లున్నాయి. ఒకటి సోమశిల. పది కిలోమీటర్ల లోపే, కానీ చివర్లో గుట్టల మధ్య నుంచి నీళ్ల వైపు దిగుడు. పోయేటప్పుడు ఎంత హాయో, తిరిగొచ్చేటప్పుడు అంత చెమట. శ్రీశైలం ముంపు వల్ల పాత చోటు నుంచి కదిలించి కట్టిన లలితా సోమేశ్వర ఆలయాలు ఒడ్డున ఉన్నాయి. రెండోది పెంట్లవెల్లి మీదుగా జటప్రోలు, మంచాలకట్ట. జటప్రోలు మదనగోపాలస్వామి గుడి కూడా ఇలాగే ముంపు నుంచి తరలి వచ్చినదే. ఈ రెండో దారిలో ట్రాక్టర్లు, మేకల మందలు తప్ప మాకు ఎదురైన బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మంచాలకట్ట దగ్గర చాయ్ పోసిన అవ్వ మా హెల్మెట్లు చూసి, “పెట్రోల్ బండి కొనుక్కోరాదు బిడ్డా, గింత కష్టమెందుకు?” అంది. మా బావమరిది, “కొన్నం అవ్వా, ఇంట్ల ఉన్నది” అంటే ఇంకా జాలిగా చూసింది.

అవతలి ఒడ్డు కనపడుతుంటే సైకిల్ పడవలో వేసుకుని దాటేయాలనిపిస్తుంది. 2007 జనవరిలో ఈ మంచాలకట్ట రేవు వైపే పడవ మునిగి 61 మంది పోయారు. లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కవద్దు, గాలి రోజున అసలే వద్దు.

బస సంగతి. సోమశిలలో నీళ్లు కనపడేలా టూరిజం వాళ్ల హరిత కాటేజీలున్నాయి. దొరికితే అదే మంచిది, శని ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి. కొల్లాపూర్ లాడ్జీలు చవక, బస్టాండుకు దగ్గర. మేం దిగిన ఒక లాడ్జీలో సైకిళ్లు గదిలోకి తేవద్దని మేనేజర్ పట్టుబట్టాడు, మెట్ల కింద పెట్టుకోమన్నాడు. పొద్దున చూస్తే ఎవరో గేరు మార్చే తీగ లాగి చూశారు. గది తీసుకునే ముందే సైకిల్ ఎక్కడ పెట్టాలో అడగండి, అద్దె సంగతి తర్వాత. తిండికి సోమశిలలో చేపల పులుసు, కొల్లాపూర్‌లో రాత్రి జొన్న రొట్టెలు బాగున్నాయి. ఏప్రిల్, మేలో మామిడి పండ్ల కోసం రావాలనిపిస్తుంది కానీ ఆ ఎండల్లో సైకిల్ వద్దు. అక్టోబర్ నుంచి జనవరి దాకా నీళ్లు నిండుగా ఉంటాయి, ఎండా తట్టుకోగలిగేంతే.

నల్గొండ వైపు దేవరకొండ నుంచి నేరేడుగొమ్ము మీదుగా వైజాగ్ కాలనీకి వెళ్లే రోడ్డుది నా లెక్కలో రెండో స్థానం. తొక్కడానికైతే అదే గట్టిది. ఎత్తుపల్లాలు వదలవు, చిన్న గేర్లు లేని సైకిల్‌తో మోకాళ్లు అరుస్తాయి. తండాల మధ్య నుంచి పోతుంటే కుక్కలు వెంటపడతాయి. దిగి సైకిల్ అడ్డం పెట్టుకుని నడిస్తే ఊరుకుంటాయి. చివర్లో సాగర్ వెనుక నీళ్లు, మధ్యలో గుట్టలు దీవుల్లా. ఏలేశ్వరం అనే పాత ఊరు ఈ నీళ్ల కిందే ఉంది. విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ జాలర్ల వల్ల కాలనీకి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు ఆదివారం వచ్చిందంటే అక్కడ కార్లు, స్పీకర్లు, ఒడ్డంతా సీసాలు. మంగళవారమో బుధవారమో వెళ్తే వేయించిన చేప, నీళ్లు, నిశ్శబ్దం మూడూ దక్కుతాయి. రాత్రి ఉండటానికి దేవరకొండ లాడ్జీలే నయం. ఒడ్డున గుడారాల్లో ఉంటే మరుగుదొడ్డికి ఇబ్బంది. తిరుగుదారిలో ఓపిక ఉంటే దేవరకొండ కోట ఎక్కండి, పద్మనాయకుల నాటిది.

మన్ననూరు, అమ్రాబాద్, పదర మీదుగా మద్దిమడుగు ఆంజనేయస్వామి గుడి దాకా పోయే రోడ్డు మూడోది. అందం విషయంలో దీన్ని మించింది లేదు. అయినా సిఫారసు చేయడానికి వెనకాడతాను. ఇది పులుల అడవి, ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి. ఒంటరిగా వద్దు, పొద్దెక్కాకే బయల్దేరి పొద్దుండగానే తిరిగి రావాలి. తారు రోడ్డు దిగి అడవిలోకి సైకిల్ నడపవద్దు. ఫరహాబాద్ వ్యూ పాయింట్ చూడాలంటే మన్ననూరులో అటవీ శాఖ సఫారీ ఉంది, వాళ్ల బండిలోనే పోండి. ఎక్కుడు మాత్రమే కావాలంటే అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం ఘాట్ చాలు, పొట్టిదే అయినా గట్టిగా పరీక్ష పెడుతుంది.

ఎటు పోయినా సర్కారు తుమ్మ ముళ్లు తప్పవు. రోడ్డు పక్కన ఆగేటప్పుడు సైకిల్‌ను మట్టిలోకి దించకండి, ఎత్తుకుని పక్కన పెట్టండి. ఊళ్లలో పంక్చర్ షాపులున్నాయి కానీ సన్న టైర్ల ట్యూబులు, వాటి వాల్వుకు సరిపోయే పంపు దొరకవు. రెండు ట్యూబులు, చిన్న పంపు మీ దగ్గరే ఉండాలి. పల్లెవెలుగు బస్సులో సైకిల్ ఎక్కించుకోవడం కండక్టర్ దయ. ఖాళీ బస్సు చూసి, ముందు చక్రం విప్పి అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

కొల్లాపూర్ దారి మాత్రం వాయిదా వేయకండి. సోమశిల నుంచి అవతలి సిద్ధేశ్వరానికి తీగల వంతెన కట్టడానికి 2022లో కేంద్రం ఆమోదం తెలిపింది. కల్వకుర్తి నుంచి నంద్యాలకు వెళ్లే 167కె జాతీయ రహదారి దాని మీదుగానే పోతుంది. అవతలికి పోవాలంటే చుట్టు తిరగాల్సిన జనానికి అది ఎంతో అవసరం. అది పూర్తయ్యాక సోమశిల రోడ్డుకు లారీలొస్తాయి, సైకిల్ వాళ్లకు మంచాలకట్ట వైపే మిగులుతుంది.