గిల్ శాన్స్ వాడాలా, మానాలా?

పుస్తకాలకు పేజీలు పెట్టడం నా పని. తెలుగు పుస్తకమే అయినా వెనక అట్ట మీద ఇంగ్లిషులో నాలుగు ముక్కలు, ఈమెయిలు చిరునామా, ధర తప్పవు. వాటికి నా చేయి అలవాటుగా గిల్ శాన్స్ ఫాంటు మీదికే పోయేది. శుభ్రంగా ఉంటుంది, మన గుండ్రటి అక్షరాల పక్కన పేచీ పెట్టదు. ఒక్కటే తలనొప్పి: ఒకటి అంకె, క్యాపిటల్ ‘ఐ’, చిన్న ‘ఎల్’ మూడూ అందులో ఒకే నిలువు గీత. ఈమెయిలు చిరునామా ప్రూఫు చూసేటప్పుడు కళ్లు చికిలించాల్సిందే.

ఆ ఫాంటుకు పేరిచ్చిన ఎరిక్ గిల్ (1882–1940) బ్రిటిష్ శిల్పి. 1989లో ఫియోనా మెకార్తీ రాసిన జీవితచరిత్ర వచ్చేదాకా లోకం దృష్టిలో భక్తిపరుడైన క్యాథలిక్ కళాకారుడు. పెద్ద కూతుళ్లిద్దరినీ అతను లైంగికంగా హింసించాడని ఆ పుస్తకం బయటపెట్టింది. ఆధారం ఎవరో చేసిన ఆరోపణ కాదు, అతను సొంత చేత్తో రాసుకున్న డైరీలు. అందుకే ఇక్కడ ‘నిజమో కాదో’ అని తప్పించుకునే వీలు లేదు. ఇక మిగిలింది అతని పనిని ఏం చేయాలన్నదే. ఇంగ్లండులో దీనికి నాలుగు రకాల జవాబులు కనిపించాయి.

ఒకటి సుత్తి. లండన్‌లో బీబీసీ ప్రధాన భవనం ముఖద్వారం పైన గిల్ చెక్కిన శిల్పం ఉంది. షేక్‌స్పియర్ నాటకంలోని మాంత్రికుడు ప్రాస్పెరో, అతని ముందు దిగంబరంగా నిలబడిన బాలుడు ఏరియల్. 2022 జనవరిలో ఒకతను ఎక్కి దాన్ని సుత్తితో కొట్టాడు, 2023లో మళ్లీ దాడి జరిగింది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కన్నబిడ్డలను హింసించినవాడు చెక్కిన నగ్న బాలుడు అది, ఇందులో కళాకారుణ్ణి, కళను విడదీయడం మాటలు చెప్పినంత తేలిక కాదు. కానీ సుత్తి సాధించిందేమిటి? 5 లక్షల పౌండ్లకు పైగా ఖర్చుపెట్టి బాగుచేశారు, ముందు అద్దం తెర కట్టారు. విగ్రహానికి అంతకుముందు లేని రాజరక్షణ దొరికింది. గిల్ గురించి చెప్పే క్యూఆర్ కోడ్ ఒకటి పెట్టారు, మంచిదే. ఆ పనికి సుత్తి దెబ్బలు పడేదాకా ఆగాల్సిన అవసరం లేదు.

రెండోది, ఉన్నచోట ఉంచడం. వెస్ట్‌మినిస్టర్ కెథీడ్రల్‌లో క్రీస్తు సిలువ మోసిన దారిని చూపే 14 శిలాఫలకాలు గిల్‌వే, 1914–18 మధ్య చెక్కినవి. చర్చి పెద్దల చేతుల్లో లైంగిక హింసకు గురైనవారి తరఫున పనిచేసేవాళ్లు వాటిని తీసేయమని 1998లో అడిగారు. తీయలేదు. ఇలాంటి సందర్భాల్లో మనవాళ్లు ‘బురదలో పుట్టినా తామర తామరే’ అంటారు. వినడానికి బాగుంటుంది. కాకపోతే బురద ఎవరికీ ద్రోహం చేయలేదు. బురదను వెనకేసుకు రావడానికి తామరను అడ్డుపెట్టుకోవాల్సిన అవసరమూ ఎవరికీ రాలేదు.

ఆ ఫలకాలు గొప్పవి కావని నేను అనను. గీత ఎక్కడా వృథాగా పోదు. నా అభ్యంతరం వేరు. ప్రదర్శనశాలకు చూడాలనుకున్నవాడే టికెట్ కొనుక్కుని వెళ్తాడు. గుడికో చర్చికో వెళ్లినవాడు దేవుడి కోసం వెళ్తాడు. చిన్నప్పుడు అదే గతి పట్టిన మనిషి మోకరిల్లి కళ్లు తెరిస్తే ఎదురుగా గిల్ చేతిపని. తప్పుకునే దారి వాళ్లకు ఏది? ఆ ఫలకాలను తీసేయమని అడిగినవాళ్ల పక్షమే నేను.

మూడోది, చప్పుడు చేయకుండా మానేయడం. పిల్లల కోసం పనిచేసే ‘సేవ్ ది చిల్డ్రన్’ సంస్థ చాలాకాలం గిల్ శాన్స్ వాడి, 2022లో మానుకుంది. ఈ ఫాంటులోనే, చిన్నపిల్లలు చదవడానికి వీలుగా ‘ఎ’, ‘జి’ అక్షరాలను బడిలో రాసే తీరులోకి మార్చిన రూపం ఒకటి ఉంది. పసిపిల్లల అక్షరాల మీద ఆ పేరు! వాళ్లు మానడం సబబే. అయినా ఫాంటును శిల్పంతో సమానంగా తూచలేను. అక్షరంలో దిగంబర బాలుడు లేడు. పైగా 1928లో అచ్చు అక్షరాలు తయారుచేసే మోనోటైప్ సంస్థ విడుదల చేసిన ఆ అక్షరాల వెనక గిల్ ఒక్కడే లేడు. లండన్ భూగర్భ రైల్వే కోసం ఎడ్వర్డ్ జాన్‌స్టన్ గీసిన అక్షరాలు వాటికి మూలం, మోనోటైప్ నక్షా గదిలో పనిచేసినవాళ్ల శ్రమా కలిసింది. ఇంతమంది పని ఒక్కడి ఖాతాలో పడింది. చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోవడం అంటే ఇదే. ఆ చెట్టేమో ఇలాంటిది.

నాలుగోది నాకు నచ్చింది. గిల్ కొంతకాలం ఉన్న డిచ్‌లింగ్ ఊళ్లోని మ్యూజియం 2017లో అతని శిల్పాలు, బొమ్మలతో ప్రదర్శన పెట్టి, నేరాన్ని దాచకుండా ఎదురుగానే చెప్పింది. అందులో ఒక చెక్క బొమ్మ తల ఉంది. రెండో కూతురు పేట్రాకు నాలుగేళ్లప్పుడు గిల్ చెక్కి ఇచ్చింది. ఏ తండ్రి అయినా ఇంట్లో కూర్చుని చెక్కిపెట్టే ఆటవస్తువు. సంగతి తెలియకుండా చూస్తే ముచ్చట. తెలిశాక దాని ముందు నిలబడటం కష్టం. సుత్తితో పగలగొట్టినా, మాట్లాడకుండా ఊరుకున్నా ఆ కష్టం చూసేవాడి దాకా రాదు. పేట్రా అక్కడ ‘శిల్పిగారి అమ్మాయి’ కాదు, బొమ్మతో ఆడుకున్న పిల్ల.

ఇదంతా చనిపోయినవాడి సంగతి, మన మెప్పు గిల్‌కు ఇప్పుడు అందదు. బతికున్నవాడి లెక్క వేరు. సినిమా దర్శకుడు రోమన్ పొలాన్‌స్కీ పదమూడేళ్ల బాలికతో అక్రమ లైంగిక సంబంధం నేరాన్ని 1977లో కోర్టులో ఒప్పుకుని, 1978లో అమెరికా వదిలి పారిపోయాడు. 2003లో ఆస్కార్ వచ్చింది. ఆ ఆస్కార్ ఇచ్చిన అకాడమీయే 2018లో అతన్ని బహిష్కరించింది. 2020లో ఫ్రాన్స్ తన సినిమా పురస్కారం సెజార్ ఇస్తే నటి అడెల్ ఎనెల్ సభలోంచి లేచి వెళ్లిపోయింది. సినిమా చూడటం, మనిషికి బహుమతి ఇవ్వడం రెండు వేరు పనులు. మొదటిది ఎవరిష్టం వారిది, రెండోది నేను చేయను.

మొన్న ఒక పిల్లల కథల పుస్తకం పనికి వచ్చింది. లోపల అక్కడక్కడా ఇంగ్లిషు మాటలు, వెనక అట్ట మీద రెండు పేరాలు. గిల్ శాన్స్ తీసేసి వేరే ఫాంటు పెట్టాను. ప్రచురణకర్తకు కారణం చెబితే నవ్వి, “ఎవరికి తెలుస్తుందండీ?” అన్నారు. ఎవరికీ తెలియదు, నిజమే. అదే వారం పెద్దవాళ్ల వ్యాసాల సంపుటి ఒకటి ప్రెస్సుకు వెళ్లింది. దాని ధర మాత్రం గిల్ శాన్స్‌లోనే ఉంది. 150లో ఒకటి అంకె, ఎప్పటిలాగే, ఒక నిలువు గీత.