స్లైడర్ ఫోనా, బ్లాక్‌బెర్రీనా, టచ్ ఫోనా: టైపింగ్‌కి ఏది మేలు?

2009లో జెర్సీ సిటీలో, జర్నల్ స్క్వేర్ స్టేషన్‌కి పది నిమిషాల నడకలో, నలుగురం ఒక టూ బెడ్రూమ్ అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. వంట వంతులవారీగా, వాదనలు మాత్రం రోజూ. వాటిలో సగం ఫోన్ల మీదే. నాది టీ-మొబైల్ జీ1, స్క్రీన్‌ని పక్కకి తోస్తే కింద నుంచి కీబోర్డు బయటపడే స్లైడర్ రకం. ఒంగోలు నుంచి వచ్చినతనికి ఆఫీసువాళ్లు బ్లాక్‌బెర్రీ కర్వ్ ఇచ్చారు. మేమంతా మామా అని పిలిచే వరంగల్ మిత్రుడు ఐఫోన్ 3జీ కొన్నాడు. నాలుగోవాడిది మడతపెట్టే మామూలు ఫోన్. వాడు ఈ గొడవలోకి దిగేవాడు కాదు, బిల్లులొచ్చిన రోజు మా ముగ్గురి మొహాలు చూసి నవ్వుకునేవాడు.

టైపింగ్‌కి నా ఫోనే మేలని నా వాదన. ఆ మూడు ఫోన్లూ ఎప్పుడో మూలపడ్డాయి కాబట్టి ఇప్పుడు కాస్త నిజాయతీగా తీర్పు చెప్పగలను. మరీ పూర్తి నిజాయతీ ఆశించకండి, అమెరికాలో మొదటి జీతంతో కొన్న ఫోన్ అది.

జీ1 అంటే అమ్మకానికొచ్చిన మొట్టమొదటి ఆండ్రాయిడ్ ఫోన్. 2008 అక్టోబరు 22న అమెరికాలో విడుదలైంది. రెండేళ్ల కాంట్రాక్టుతో 179 డాలర్లు. తయారుచేసింది తైవాన్‌కి చెందిన హెచ్‌టీసీ, వేరే దేశాల్లో హెచ్‌టీసీ డ్రీమ్ పేరుతో అమ్మారు. ఆండ్రాయిడ్‌ని మొదలుపెట్టినవాళ్లలో ఒకడైన ఆండీ రూబిన్ అంతకుముందు డేంజర్ అనే కంపెనీలో ఉన్నాడు. స్క్రీన్ గిర్రున తిరిగి కీబోర్డు బయటపడే సైడ్‌కిక్ ఫోన్లు వాళ్లవే. ఆ పోలికలు జీ1లో బాగానే కనిపించేవి.

దాన్ని తెరవడమే ఒక ఆట. ఫోన్‌ని అడ్డంగా పట్టుకుని స్క్రీన్ అంచుని బొటనవేళ్లతో పైకి నెడితే అది తిన్నగా పోదు. చిన్న వంపు తిరుగుతూ సగం దాకా వెళ్తుంది, అక్కణ్ణుంచి స్ప్రింగు తనే లాక్కుని టక్కున ఆగుతుంది. కింద ఐదు వరసల కీలు. పై వరస అంతా అంకెలే, వాటికోసం వేరే బటన్ నొక్కి పట్టుకోనక్కర్లేదు. మీటింగుల్లో తెలియకుండానే టక్, టక్ మని తెరిచి మూస్తుంటే మా మేనేజర్ ఒకసారి మాట మధ్యలో ఆపి నా చేతివైపే చూస్తూ కూర్చున్నాడు.

లోపం చెప్పాలంటే ముందు దాని గడ్డం గురించి చెప్పాలి. ఫోన్ కింది భాగం కాస్త ముందుకి వంగి ఉండేది, అందరూ దాన్ని గడ్డమనే అనేవాళ్లు. ఫోన్ తెరిచాక ఆ గడ్డం కుడిచేతి వైపుకొస్తుంది. ఎడమ బొటనవేలు హాయిగా కీల మీద వాలితే, కుడి బొటనవేలు ఆ గట్టు దాటి వంగి రావాలి. మొదటి వారమంతా కుడివైపు అక్షరాలు తప్పులే. అయితే ఆ గట్టు మీదే ఒక చిన్న ట్రాక్‌బాల్ ఉండేది. పెద్ద మెయిల్లో ఎక్కడో ఒక అక్షరం తప్పు పడితే కర్సర్‌ని దాని దగ్గరికి ఒక్కో అక్షరం చొప్పున నడిపించుకోవచ్చు. ఆ సుఖం వేలితో తడిమే ఫోన్‌లో లేదు.

ఇక అసలు ఇబ్బంది. జీ1 వచ్చిన కొత్తలో స్క్రీన్ మీద కీబోర్డు లేనే లేదు. ఆండ్రాయిడ్ 1.5, అంటే కప్‌కేక్, 2009లో వచ్చేదాకా ‘సరే’ అని ఒక్క మాట పంపాలన్నా ఫోన్ అడ్డంగా తిప్పి, రెండు చేతులతో పట్టుకుని, తెరవాల్సిందే. పొద్దున ఎనిమిదింటికి, మన్‌హాటన్‌కి వెళ్లే పాత్ అనే లోకల్ రైల్లో ఇది ఎలా ఉంటుందో ఆలోచించండి. ఒక చేత్తో కమ్మీ, భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, రైలు సొరంగంలోకి దూరేలోపు పంపాల్సిన మెసేజ్. నేను మోచేయి కమ్మీ చుట్టూ మెలేసి, రెండు చేతులూ ముందుకి తెచ్చుకుని, యోగాసనం వేసినట్టు నిలబడి కొట్టేవాణ్ణి. నా పక్కనే ఒంగోలు అబ్బాయి బ్లాక్‌బెర్రీని ఒక్క చేతిలో పట్టుకుని, ఒక్క బొటనవేలితో, కిటికీలోంచి చూస్తూ రెండు మెయిళ్లకి జవాబిచ్చేసేవాడు.

ఆ విషయంలో బ్లాక్‌బెర్రీకి సాటి లేదని ఒప్పుకోవాలి. కీలు చిన్నవే, కానీ ఒక్కో కీకీ ఒక ఏటవాలు ఉండేది, వేలికి ఏది ఎక్కడుందో తెలిసిపోయేది. స్పేస్ రెండుసార్లు కొడితే ఫుల్‌స్టాప్. అక్షరాన్ని కాస్త ఎక్కువసేపు నొక్కిపడితే పెద్దక్షరం. తెరవడం, మూయడం అనే పనే లేదు. కాకపోతే కీబోర్డు ఎప్పుడూ సగం ఫోన్‌ని ఆక్రమించుకుని కూర్చునేది. మిగిలింది రెండున్నర అంగుళాలైనా లేని స్క్రీన్. ఇంటికొచ్చాక యూట్యూబ్‌లో పాత పాటలు చూడాలంటే అతనే నా ఫోన్ అడిగేవాడు.

చలికాలంలో లెక్క మారింది. జనవరిలో జర్నల్ స్క్వేర్ నుంచి ఇంటికి నడిచేటప్పుడు ఉన్ని గ్లోవ్స్ తీయబుద్ధి కాదు. ఐఫోన్ స్క్రీన్‌కి గ్లోవ్స్ వేసుకున్న వేలు వేలే కాదు. మామ ముక్కుతో ఫోన్ ఎత్తడం నా కళ్లతో చూశాను. జీ1 స్క్రీన్ కూడా ఆ జాతిదే, గ్లోవ్స్‌కి పలకదు. కానీ ట్రాక్‌బాల్ తిప్పి, కీబోర్డు తెరిచి, గ్లోవ్స్ తీయకుండానే పని నడిపేవాణ్ణి. బ్లాక్‌బెర్రీకీ ఆ సౌకర్యం ఉంది గానీ, ఆ బుల్లి కీల మీద ఉన్ని వేలు పెడితే రెండు అక్షరాలు ఒకేసారి పడేవి.

ఇండియాకి ఫోన్ చేయడం అప్పట్లో కాలింగ్ కార్డుల మీదే. ముందు ఒక నంబరుకి చేయాలి, ఆ తర్వాత పొడుగాటి పిన్, ఆ తర్వాత ఇంటి నంబరు. అమ్మ గొంతు వినేలోపు ముప్ఫై అంకెలు దాటేవి. అంకెలకి సొంత వరస ఉన్న కీబోర్డు విలువ ఆదివారం పొద్దున తెలిసేది.

పప్పు, పప్పీ

ఇప్పటిదాకా చెప్పినవన్నీ పక్కన పెట్టినా, నేను స్లైడర్ వైపే మొగ్గడానికి ఒక్క కారణం చాలు. మేము రాసుకునేది ఇంగ్లీషు కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

టచ్ ఫోన్లు మన వేలు ఎక్కడ పడిందో కచ్చితంగా తెలియక, దగ్గర్లో ఉన్న ఇంగ్లీషు మాటని ఊహించి పెట్టేవి. స్క్రీన్ మీద కీలు అంత చిన్నవైనప్పుడు అది తప్పదు కూడా. ఇంగ్లీషు రాసేవాళ్లకి అది వరం. మనకి? ‘నేను’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే అది ‘మెనూ’ అయ్యేది. ఒక సాయంత్రం మామ నుంచి మెసేజ్: వచ్చేటప్పుడు రెండు పప్పీలు తీసుకురా. న్యూవార్క్ అవెన్యూలో ఇండియన్ స్టోర్ ముందు నిలబడి ఐదు నిమిషాలు ఆలోచించాను. ఇంటికి ఫోన్ చేస్తే, కందిపప్పు, పెసరపప్పు అయిపోయాయట.

ఐఫోన్‌లో ఆ దిద్దుబాటుని ఆపే సెట్టింగు 2008 నవంబరులో, 2.2 అప్‌డేట్‌తో వచ్చింది. ఆపితే ఇంకో బాధ. దిద్దేవాడు లేక, వేలు జారిన అక్షరాలన్నీ అలాగే పోయేవి. మామ వారం రోజులు ఆపి చూసి, మళ్లీ ఆన్ చేసుకున్నాడు. పప్పీలతోనే బతుకుతానన్నాడు.

జీ1 కీబోర్డు మీద ఆ పేచీ లేదు. సాధారణంగా జరిగే కొన్ని ఇంగ్లీషు తప్పుల్ని సరిచేయడం తప్ప, కొట్టింది కొట్టినట్టు పడేది. ‘ఏంట్రా’కి ఎన్ని అక్షరాలు కావాలో నా ఇష్టం, ‘అబ్బాఆఆ’ అని సాగదీస్తే అలాగే సాగేది. కీ నొక్కినప్పుడు వేలికి తెలుస్తుంది కాబట్టి దిద్దేవాడి అవసరమూ తక్కువే. రాత్రి పదింటికి మంచం మీద వెల్లకిలా పడుకుని, స్నేహితులకి పేజీలకు పేజీలు తెలుగు మెయిళ్లు ఆ ఫోన్ మీదే కొట్టాను. ఒకటీ మెనూ కాలేదు.

కొట్టింది కొట్టినట్టు చేయడంలో ఆ ఫోన్ మొదట్లో మరీ అతి చేసింది కూడా. 2008 నవంబరులో ఒక తమాషా బయటపడింది. తొలి సాఫ్ట్‌వేర్‌లో కీబోర్డు మీద కొట్టినదల్లా తెరవెనక ఫోన్‌కి ఆదేశంగా కూడా వెళ్తోందట. ఎవరికైనా మెసేజ్‌లో ‘రీబూట్’ అని రాసి ఎంటర్ కొడితే ఫోన్ నిజంగానే ఆగి మళ్లీ మొదలయ్యేది. గూగుల్ త్వరగానే అప్‌డేట్ పంపి సరిచేసింది.

బిల్లు సంగతి కూడా చెప్పాలి, నాలుగోవాడు నవ్విన సంగతి. మేం నలుగురం, పక్క అపార్ట్‌మెంట్ కుర్రాడు ఒకడు, ఐదు లైన్లు కలిపి ఫ్యామిలీ ప్లాన్. ఏ రకంగా చూసినా ఫ్యామిలీ కాదు, కానీ బిల్లు ఒక్కటే. జీ1కి డేటా నెలకి 25 డాలర్లు, మెసేజ్‌లు కూడా లెక్కలేనన్ని కావాలంటే 35. ఐఫోన్ అప్పుడు అమెరికాలో ఏటీ అండ్ టీ దగ్గరే దొరికేది కాబట్టి మామ మా కుటుంబం నుంచి విడిపోయి వేరు కాపురం పెట్టాడు. ఆ నెల లెక్కలు తేల్చడానికి ఎక్సెల్ షీట్ వేయాల్సొచ్చింది.

బ్యాటరీ, ఇయర్‌ఫోన్ విషయాల్లో జీ1ని వెనకేసుకురాలేను. 1150 ఎంఏహెచ్ బ్యాటరీ, 3జీ ఆన్‌లో ఉంటే సాయంత్రానికి ఖాళీ. వెనక మూత తీసి మార్చుకోవచ్చు కాబట్టి జేబులో ఇంకోటి పెట్టుకుని తిరిగేవాణ్ణి. ఇయర్‌ఫోన్‌కి మామూలు గుండ్రటి రంధ్రం లేదు, ఛార్జర్ పెట్టే చోటే దానికి సరిపడే ఇయర్‌ఫోనో, అడాప్టరో పెట్టుకోవాలి. ఛార్జింగా, పాటలా అని రోజూ తేల్చుకోవాల్సొచ్చేది.

స్లైడర్లన్నీ ఒకటి కాదు

2009 నవంబరు 6న వెరిజాన్ నెట్‌వర్క్‌లో మోటరోలా డ్రాయిడ్ వచ్చింది. 3.7 అంగుళాల స్క్రీన్, సన్నటి ఒళ్లు, గూగుల్ మ్యాప్స్ ఉచితంగా దారి చెప్పడం దాంతోనే మొదలు. కానీ కీబోర్డు చదునుగా, నాలుగే వరసలు. చూపుకి అందం, వేలికి అయోమయం. ఆ ఏడాది చివర హైదరాబాద్ వెళ్తే అక్కావాళ్లింట్లో బావగారి చేతిలో నోకియా ఎన్97. దాని స్క్రీన్ బయటికొచ్చాక బుల్లి ల్యాప్‌టాప్‌లా ఏటవాలుగా నిలబడేది, చూడముచ్చటగా ఉండేది. కీలు మూడే వరసలు, స్పేస్ బటన్ మధ్యలో కాకుండా కుడివైపున. నేను కొట్టిన మొదటి వాక్యంలో మాటలన్నీ అతుక్కుపోయాయి. “అలవాటు పడాలోయ్” అన్నారు బావగారు. ఆయన మాత్రం అందులో మెసేజ్‌లు రాయగా నేను చూడలేదు, ఫోన్లే చేసేవారు.

ఏ స్లైడర్‌కైనా ప్రాణం రెండు పలకల మధ్య ఉండే పల్చటి రిబ్బన్ లాంటి కేబుల్. స్క్రీన్‌కి అందాల్సినదంతా దాని గుండానే పోతుంది, తెరిచి మూసిన ప్రతిసారీ అది మడతపడుతుంది. నేను తర్వాత కొన్న ఇంకో స్లైడర్ రెండేళ్లకి ఆ కేబుల్‌తోనే పోయింది. మూస్తే స్క్రీన్ వెలిగేది, తెరిస్తే ఆరిపోయేది. అంటే చదవొచ్చు, జవాబివ్వలేను. తప్పు నాదే కావొచ్చు, రోజుకి ఎన్నిసార్లు టక్ టక్ లాడించానో లెక్క లేదు.

మరి తీర్పు? రోజంతా ముక్కలు ముక్కలుగా జవాబులిచ్చే ఉద్యోగమైతే బ్లాక్‌బెర్రీ. చదవడం, చూడడం ఎక్కువ, రాయడం తక్కువైతే టచ్ ఫోన్. కూర్చుని, రెండు చేతులూ ఖాళీగా ఉండి, మన మాట మన ఇష్టమొచ్చిన స్పెల్లింగులో నాలుగు పేరాలు రాసేవాడికి స్లైడర్. ఇన్నిట్లో నేను మూడో రకం. అందరూ మూడో రకం కాదని మార్కెట్ తేల్చేసింది. నిజానికి నేనైనా రోజులో ఎన్నిసార్లు తీరిగ్గా కూర్చున్నాను? కప్‌కేక్ వచ్చి స్క్రీన్ మీద కీబోర్డు చేరాక, పాత్ రైల్లో యోగాసనాలు మానేసి నేనూ గాజు మీదే ‘సరే’ కొట్టడం మొదలుపెట్టాను. కీబోర్డు రాత్రిళ్లకి మాత్రమే మిగిలింది.

స్లైడర్ ఎప్పటికీ చేయలేని పని ఒకటుంది. దాని కీల మీద అచ్చేసింది ఇంగ్లీషు అక్షరాలు, అవి మారవు. అసలు జీ1లో తెలుగు కనిపించేదే కాదు. తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించే కూడలి సైటు తెరిస్తే అక్షరాల బదులు వరసగా పెట్టెలు. అదే బ్లాక్‌బెర్రీలో ఒంగోలు అబ్బాయి ఒపేరా మినీ బ్రౌజర్ వేసుకుని, దాని లోపలి సెట్టింగుల్లో సంక్లిష్ట లిపులకి బిట్‌మ్యాప్ ఫాంట్లు అనే దాన్ని ఆన్ చేసి, ఆ బుల్లి స్క్రీన్ మీద తెలుగు బ్లాగులు చదివేవాడు. అక్షరాలు బొమ్మలుగా వచ్చేవి, కాస్త మసగ్గా. ఆ ఒక్క పనికి నేను అతని ఫోన్ అడుక్కునేవాణ్ణి.

ఇదంతా ఇప్పుడు రాస్తున్నది గాజు మీదే. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చే కీబోర్డు వేసుకున్నాను. అప్పుడు మెనూ అయిన నాలుగు అక్షరాలు ఇప్పుడు బుద్ధిగా ‘నేను’ అవుతున్నాయి. భాష మార్చడం మరిచిపోయిన రోజు మాత్రం ఇప్పటికీ ఇంట్లో పప్పీలు అయిపోతూనే ఉన్నాయి.