కట్ అంటే కోవో ఒక్కటేనా? ఒక అనువాద యాప్‌తో నా రెండేళ్ళు

యాప్ పేరు రాయను. ఉచితం, ఫోన్లో వేసుకుంటే చాలు, తెలుగూ ఉంది, గ్రీకూ ఉంది. సైప్రస్‌లో లిమసోల్ దగ్గర ఒక ఊళ్ళో, ఎనభై దాటిన మామ్మగారి ఇంట్లో పనికి కుదిరిన రోజు నుంచీ దీన్నే నమ్ముకున్నాను. మామ్మగారిని నేను యాయా అని పిలుస్తాను, అక్కడ మామ్మని అలాగే అంటారు. నాకొచ్చిన గ్రీకులో ముప్పావు వంతు ఆవిడ కేకల్లోంచి వచ్చిందే, మిగతా పావు ఈ యాప్‌ది. ఆ పావు గురించే ఈ రివ్యూ.

మొదటి ఏడాది ఫిబ్రవరిలో పెరట్లో నిమ్మచెట్టు కొమ్మలు దారికి అడ్డంగా పెరిగిపోతే, కాస్త కొట్టనా అని అడుగుదామనుకున్నాను. యాప్‌లో ఇంగ్లీష్‌లో 'కట్' పెట్టి టైప్ చేస్తే 'నా కోప్సో తి లెమొన్యా?' అని వచ్చింది. గట్టిగా చదివాను. ఆవిడ ముఖం పాలిపోయింది, చేతికర్ర పట్టుకుని వెళ్ళి చెట్టుకి అడ్డంగా నిలబడింది. ఆ చెట్టు వాళ్ళాయన నాటిందట. నేను అడిగింది 'నిమ్మచెట్టు నరికేయనా?' అని! గ్రీకులో కోవో అంటే కోయడం, నరకడం, కోప్సో దాని రూపమే. సాయంత్రం వాళ్ళ మనవరాలు వచ్చి చెప్పేదాకా ఏం జరిగిందో నాకు అర్థమే కాలేదు.

పోనీ ఇంగ్లీష్ ఎందుకు, తెలుగులోనే అడుగుదామని 'కొమ్మలు కొట్టనా' అని పెట్టి చూశాను. 'కొమ్మల్ని బాదనా' అని ఇచ్చింది. ఒలీవ కాయలు రాల్చడానికి కర్రలతో కొమ్మల్ని బాదే దేశంలో ఇది మరీ అన్యాయమైన తప్పేం కాదు, కానీ నిమ్మచెట్టుని ఎవరు బాదుతారండీ.

కొమ్మలు కత్తిరించడానికి అసలు మాట క్లదేవో. క్లదీ అంటే కొమ్మ, దాన్నుంచి వచ్చింది. జుట్టు కత్తిరించడానికీ, గొర్రెల ఉన్ని తీయడానికీ, ఇంటి ముందు లాన్ గడ్డి కోయడానికీ మూడింటికీ ఒకటే మాట, కురేవో. గోధుమ చేను కోయడం థెరీజో. జూన్ నెలని పల్లెల్లో థెరిస్తీస్ అనేవారు, అంటే కోతగాడు. మనకేమో కోయడం, తరగడం, నరకడం, కత్తిరించడం, చెక్కడం, కొట్టడం, తుంచడం. వాళ్ళకీ అన్ని ఉన్నాయి, గీతలే వేరే చోట గీసుకున్నారు. నేను చూసినంతలో ఈ యాప్ గొడవంతా ఇక్కడే: మధ్యలో ఇంగ్లీష్ 'కట్' వచ్చి మన ఏడు మాటల్నీ ఒక్క గోనెసంచిలో వేసి కట్టేస్తే, అవతల విప్పేసరికి ప్రతిదీ కోవో అయి కూర్చుంటుంది.

వంటింట్లో మాత్రం పెద్దగా ఏడిపించలేదు. ఉల్లిపాయ సన్నగా తరిగినది ప్సిలొకొమ్మేనొ, వంటల పేజీల్లో పదేపదే కనబడే మాట కాబట్టి కాబోలు సరిగ్గా ఇచ్చింది. పెద్ద ముక్కలుగా తరిగినది హొంద్రొకొమ్మేనొ. మోటు జోకుని కూడా అదే మాటతో అంటారు, మొదటిసారి టీవీ చూస్తూ యాయా ఆ మాట అంటే కూరగాయల గురించి అనుకున్నాను. ఫేతా అంటే ముక్క, బ్రెడ్డు స్లైసు కూడా ఫేతానే, ఆ తెల్లటి చీజుకి పేరు అలా వచ్చిందే. మన యాప్ ఏమో రొట్టె ముక్కని చీజు రొట్టె చేసింది. దీనికి అర మార్కు తగ్గించాను.

కెమెరా పెట్టి బోర్డులు చదివించడం దీంట్లో బాగున్న సంగతి, మెచ్చుకోవాలి. అయినా ఒకసారి లిమసోల్ బజార్లో ఘుమఘుమలాడే కొట్టు ముందు 'కఫెకొప్తీయొ' అన్న బోర్డుకి పెడితే 'కాఫీ కోసే చోటు' అంది. నవ్వొచ్చింది గానీ, ఈసారి తప్పు యాప్‌ది కాదు! గ్రీకులో కాఫీ గింజల్ని నిజంగానే 'కోస్తారు'. మనం పొడి పట్టిస్తాం, మర ఆడిస్తాం, వాళ్ళు కోస్తారు. మాంసం కొట్టులో కీమా కూడా అప్పటికప్పుడు కోసి ఇస్తారు. పాలు విరిగినా కోవోనే. సిగరెట్ మానేసినా కోవో, టికెట్ కొట్టినా కోవో, పరీక్ష తప్పినా కోవోలోంచే. బేరమాడేటప్పుడు 'కోప్సె కాతి' అంటే కాస్త తగ్గించు అని. ఇది నాకు బాగా పనికొచ్చిన మాట, దీన్ని యాప్ నేర్పలేదు, కూరగాయల సంతలో నా ముందు నిలబడ్డ ముసలాయన నేర్పాడు. అదే చనువుతో కోడిమాంసం కొట్టులో చికెన్ చూపించి 'కోప్స్ తో' అన్నాను, యాప్ ఇచ్చిందే. ముక్కలు కొట్టు అనే అర్థం వస్తుంది, నిజమే, కానీ 'ఇక ఆపవోయ్' అనడానికి కూడా అదే మాట. పైగా కొట్టువాడు నాకంటే పెద్దవాడు. 'కోప్స్తె' అనాల్సింది, మన కొట్టు, కొట్టండి లాగానే. నువ్వు, మీరు తేడా ఇంగ్లీష్‌లో లేదు కదా, దార్లోనే ఎక్కడో రాలిపోయింది.

అన్నిటికంటే నాకు నచ్చింది కరెంటు కోత. దియాకొపీ రెవ్మతొస్. అదే మాటని బహువచనం చేసి దియాకొపేస్ అంటే సెలవులు! ఆగస్టులో కొట్ల తలుపుల మీద ఈ మాట చూసి, పాపం ఊరంతా కరెంటు లేదేమో అనుకున్నాను.

క్షౌరం సంగతి కూడా చెప్పాలి. కూరెమా అంటే హెయిర్ కట్. సైప్రస్‌లో ఈ మాట పెద్దవాళ్ళ దగ్గర ఊరికే అనకండి, ముందు జుట్టు గుర్తుకు రాదు, 2013 మార్చి గుర్తుకొస్తుంది. అక్కడి రెండు పెద్ద బ్యాంకుల్లో లక్ష యూరోలు దాటిన డిపాజిట్లకి కోత పెట్టిన సంగతిని ఇప్పటికీ కూరెమా అనే అంటారు. క్షవరం అయితే గానీ వివరం తెలియదని మనవాళ్ళు ఊరికే అన్నారా. ఇంకో తమాషా, గడ్డం గీయడం క్సిరీజో, కత్తి క్సిరాఫి. ప్రాచీన గ్రీకు క్సిరోన్, సంస్కృతం క్షురం ఒకే మూలంలోంచి వచ్చిన చుట్టాలు. మన క్షురకుడు ఇక్కడికొస్తే సగం గ్రీకు వచ్చినట్టే.

ఇప్పుడు ఏం వాడుతున్నానంటే, వర్డ్‌రిఫరెన్స్‌లో ఇంగ్లీష్-గ్రీకు. అక్కడ 'కట్' కొడితే ఒక్క జవాబు రాదు, జుట్టుకిదీ, జీతానికిదీ అని ఏ అర్థానికి ఆ మాట విడివిడిగా పెడతారు, మనమే ఎంచుకోవాలి. ఓపిక కావాలి. గ్రీకు కాస్త వచ్చాక థెస్సలోనికిలో తయారైన త్రియాంతఫిల్లీదిస్ నిఘంటువు, 1998లో వచ్చింది, నెట్‌లో ఉచితం. అంతా గ్రీకే, నాకు సగమే అర్థమవుతుంది, అయినా కోవో కింద ఎంత రాశారో చూస్తే నా తప్పులకి కొంచెం ఊరట.

యాప్‌కి 5కి 2.5. బస్సు ఎన్నింటికి, మందు ఎక్కడ దొరుకుతుంది లాంటి వాటికి హాయిగా వాడండి. కత్తి, కత్తెర, రంపం, గొడ్డలి చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఒక్క మాట టైప్ చేయకండి, దేన్ని, ఎలా, ఎంత అని మొత్తం వాక్యం పెట్టండి, వచ్చిన గ్రీకుని మళ్ళీ వెనక్కి తిప్పి చూసుకోండి, ఆ తర్వాతే నోరు తెరవండి.

ఈ ఫిబ్రవరిలో కూడా నిమ్మకొమ్మలు అడ్డం వచ్చాయి. 'నా క్లదేప్సో?' అన్నాను. యాయా లోపలికి వెళ్ళి కత్తెర తనే తెచ్చి ఇచ్చింది. తర్వాత చెట్టు పక్కనే కుర్చీ వేసుకుని, కర్ర ఒళ్ళో పెట్టుకుని, అయ్యేదాకా కూర్చుంది.