ఎల్క్ కొమ్ముల స్కోరు: కంటి అంచనానా, లెక్కా?

వేటలో, అమెరికాలోని కొలరాడో కొండల్లో మగ ఎల్క్ (ఒక పెద్ద జింక) కనబడగానే దాని కొమ్ముల స్కోరెంతో, అంటే కొమ్ముల కొలతలన్నీ అంగుళాల్లో కలిపితే ఎంతొస్తుందో, తేల్చాలి.

కంటి అంచనా: బైనాక్యులర్ చాలు, క్షణాల్లో అయిపోతుంది. కానీ చిన్న ఒంటి మీద కొమ్ములు పెద్దవిగా కనబడి మోసం చేస్తాయి, పైగా ఆ టెన్షన్‌లో మనమే ఇంకో 20 అంగుళాలు కలిపేస్తాం!

లెక్క: స్పాటింగ్ స్కోప్ (దూరంగా ఉన్నవి చూసే చిన్న టెలిస్కోప్), ట్రైపాడ్ మోయాలి, ఎల్క్ కాసేపు కదలకుండా నిలబడాలి. ఉదాహరణకి, ఒక పక్క ప్రధాన కొమ్ము 48 అంగుళాలు, ఐదు శాఖలు కలిపి 71, నాలుగు చోట్ల చుట్టుకొలత కలిపి 28, మొత్తం 147. రెట్టింపు చేసి రెండు కొమ్ముల మధ్య వెడల్పు 38 కలిపితే 332. రెండు పక్కలా తేడా ఉంటే కొంత తగ్గుతుంది.

దట్టమైన చెట్ల మధ్యయితే కంటి అంచనాయే గతి. దూరంగా మైదానంలో మేస్తుంటే, బూన్ అండ్ క్రాకెట్ (కొమ్ముల రికార్డులు నమోదు చేసే అమెరికా క్లబ్బు) ఆల్-టైమ్ రికార్డు పుస్తకానికి కావాల్సిన 375 మీద కన్నుంటే, లెక్కే కట్టండి.