నెల్లూరు ఎండలోనూ తిరుమల ఘాట్‌లోనూ వాడిన ఓబీడీ స్కానర్

కారు స్టీరింగ్ కింద, ఇంజిన్ కంప్యూటర్ సమాచారం చదవడానికి ఇచ్చే ఓబీడీ పోర్టులో గుచ్చే చిన్న బ్లూటూత్ స్కానర్ ఇది. వెయ్యి రూపాయల లోపే వచ్చింది. ఇంజిన్ లైటు వెలిగితే కోడు చదువుతుంది, ఆ పనికి వంక పెట్టేదేమీ లేదు. నాకు అలవాటైంది మాత్రం ఫోన్‌లో కనిపించే రెండు అంకెలు: మ్యాప్ అని చూపించే మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల) పీడనం, ఇంజిన్ పీల్చే గాలి వేడి.

తాళం తిప్పి, స్టార్ట్ చేయకుండా చూస్తే మ్యాప్ చూపేది బయటి గాలి పీడనమే. నెల్లూరులో 100 కిలోపాస్కల్‌కి అటూ ఇటూ. అలిపిరి దాటాక ఫోను మా అబ్బాయి చేతికిస్తాను. పెడల్ గట్టిగా తొక్కినప్పుడల్లా వాడు చదువుతాడు: 97, 95, 92... కొండపైన పార్కింగ్‌లో ఇంజిన్ ఆపి చూస్తే 91. పైన ఆక్సిజన్ తక్కువంటారు గానీ, దాని వాటా అక్కడా ఇక్కడా 21 శాతమే. మొత్తం గాలే పలచబడుతుంది. గాలి తగ్గిన మేరకు కంప్యూటర్ పెట్రోలూ తగ్గిస్తుంది కాబట్టి పొగ రాదు, ప్లగ్గుకి మసి పట్టదు, లాగుడు మాత్రం పడిపోతుంది. పాత కార్బురేటర్ బళ్లకి ఆ తెలివి లేదు, ఎత్తుకి పోయేకొద్దీ పెట్రోలు ఎక్కువై నల్లపొగ కక్కుతాయి. మా బావది టర్బో డీజిల్. అదే ఘాట్‌లో దానికి తగిలిస్తే మ్యాప్ 200 దాటింది. పలచటి గాలినైనా టర్బో నొక్కి లోపలికి తోస్తుంది మరి. "నీది ఇంకా రెండో గేరేనా?" అని పైన కాఫీ తాగుతూ ఒకటే ఎగతాళి.

అసలు కిటుకు రెండో అంకెలో ఉంది. రోహిణి కార్తెలో ఏసీ వేసుకుని కావలి వైపు హైవే మీద లారీని దాటబోతే బండి మూలుగుతుంది. మ్యాప్ చూస్తే పీడనం ఎక్కడికీ పోలేదు. పోయింది గాలి చిక్కదనం. ఆ చిక్కదనం లెక్కకి పీడనాన్ని కెల్విన్ ఉష్ణోగ్రతతో (మామూలు డిగ్రీలకి 273 కలిపితే వచ్చేది) భాగించి చూడండి. నెల్లూరులో 45 డిగ్రీల గాలికి 100ని 318తో, ధనుర్మాసం తెల్లవారుజామున కొండమీద 18 డిగ్రీల గాలికి 91ని 291తో. రెండు చోట్లా 0.31 చిల్లర! అంటే మే నెల మధ్యాహ్నం మనం ఇంట్లో ఉండగానే ఇంజిన్ తిరుమల ఎక్కేసినట్టే. సిగ్నల్ దగ్గర బానెట్ వేడికి ఆ 45 కూడా 60 అవుతుంది, ఇంకా పైకి పోయినట్టు లెక్క.

యాప్‌లోని హార్స్‌పవర్ ముల్లుని మాత్రం నమ్మకండి. మనం కొట్టిన బండి బరువుని బట్టి వేసే కాకిలెక్క అది. వారం రోజులు బండి తీయకపోతే స్కానర్ పీకేయండి, బ్యాటరీని కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది. కొన్ని బళ్లలో మ్యాప్ సెన్సర్ ఉండదు, అలాంటప్పుడు బయటి గాలి పీడనం చూపే బారోమెట్రిక్ అనే వరస వస్తుందేమో మెకానిక్ స్కానర్‌తో ముందే చూపించుకుని కొనండి.