శాలువా, మెమెంటో, కొండపల్లి బొమ్మ: బెజవాడలో మాస్టారి కోసం ఏం కొనొచ్చు?

ఆగస్టు నెలాఖరు వచ్చిందంటే బెజవాడలో మెమెంటోల షాపుల ముందు స్కూలు యూనిఫాంలు కనిపిస్తాయి. సెప్టెంబరు 5 సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజు, 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవం. క్లాస్ లీడరు చేతిలో చందా డబ్బు ఉంటుంది, టైమే ఉండదు. దాంతో చేతికి దొరికినవి కొనేస్తారు: ఒక శాలువా, ఒక షీల్డు, ఒక దండ. పాతికేళ్ళు పాఠాలు చెప్పిన ఏ టీచరు ఇంటి అటక మీద చూసినా అట్టపెట్టెల నిండా ఆ షీల్డులే.

అందుకే ఇక్కడ ప్రతి వస్తువునీ ఒకే లెక్కన తూచాం. ఇచ్చిన ఏడాది తర్వాత అది టీచరు చేతిలోనో కళ్ళ ముందో ఉంటుందా, అటకెక్కుతుందా?

ముందు మెమెంటో సంగతి. గవర్నరుపేట, బీసెంట్ రోడ్డు చుట్టుపక్కలా, గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేటల్లోనూ మనకు చూపించేవి ఎక్కువగా మూడు రకాలు: యాక్రిలిక్, ఎండీఎఫ్ చెక్క, లోహపు రేకు అంటించిన షీల్డు. యాక్రిలిక్ కొన్నరోజు గాజులా మెరుస్తుంది. పొడిగుడ్డతో తుడిచిన ప్రతిసారీ సన్నటి గీతలు పడతాయి. ఎండీఎఫ్ అంటే చెక్క పీచుని జిగురుతో కలిపి ఒత్తిన పలక. దాని కోసిన అంచులకి తేమ తగిలితే ఉబ్బుతుంది, కృష్ణ ఒడ్డు వానాకాలంలో ఇది తొందరగానే జరుగుతుంది. రేకు షీల్డులో అక్షరాలు స్టిక్కరా, చెక్కినవా అన్నదే అసలు ప్రశ్న. గోరు ఆనించి చూడండి. అక్షరం అంచు గోటికి పైకి తగిలితే స్టిక్కరు, ఒకటి రెండు ఎండాకాలాలకి అంచులు లేస్తాయి. లోపలికి తగిలితే లేజరుతో చెక్కింది, అది పోదు.

మెమెంటో తప్పనిసరిగా ఇవ్వాలనుకుంటే ఎత్తు 6 నుంచి 8 అంగుళాలు దాటనివ్వకండి. పుస్తకాల అరలో పట్టేది అంతే. పద్నాలుగు అంగుళాల షీల్డు ఫొటోలో ఘనంగా కనిపిస్తుంది, ఇంట్లో దానికి చోటుండదు.

ఎక్కువమంది దెబ్బతినేది తెలుగు అక్షరాల దగ్గర. వాట్సాప్‌లో పంపే తెలుగు యూనికోడ్. చాలా షాపులు ఇప్పటికీ అను ఫాంట్లతో పేజీమేకర్లోనో కోరల్ డ్రాలోనో పనిచేస్తాయి. యూనికోడ్ తెలుగుని అక్కడ నేరుగా పేస్టు చేస్తే ఒత్తులు ఎగిరిపోతాయి, పొల్లులు పక్కకి జరుగుతాయి. 'కృతజ్ఞతలతో' అన్న మాటలో జ కింద ఞ ఒత్తు ఉండాలి. ముందుగా పోయేది అదే. టీచరుకి, అందులోనూ తెలుగు మాస్టారికి, అక్షరదోషంతో షీల్డు ఇవ్వడం కన్నా ఏమీ ఇవ్వకపోవడం మేలు. కాబట్టి మేటరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి, వాళ్ళు టైపు చేశాక ప్రూఫ్ ప్రింటు తీయించండి, ఇద్దరు విడివిడిగా చదవండి. ఇంటిపేరు, ఇనీషియళ్ళ వరుస స్కూలు రికార్డుతో సరిచూసుకోండి.

శాలువా గురించి చెప్పాల్సింది తక్కువ. సన్మానాలకి అమ్మేవి ఎక్కువగా పాలిస్టరువి. సెప్టెంబరు ఉక్కలో వేదిక మీద రెండు నిమిషాలు కప్పుకోవడానికి తప్ప దేనికీ పనికిరావు. ఆ డబ్బుతో మంగళగిరి నూలు కొనండి. బెజవాడకీ గుంటూరుకీ మధ్య హైవే పక్కనే ఉన్న ఊరు. మాస్టారికి జరీ అంచు పంచె, కండువా. టీచరమ్మకి చీర గానీ డ్రెస్ మెటీరియల్ గానీ. గుంట మగ్గం మీద నేసిన మంగళగిరి చీరకి ఒంటి మీద బుటాలుండవు. చిన్న గోపురాల వరుసలా ఉండే నిజాం అంచూ, కొంగులో జరీ చారలూ దాని గుర్తు. చేనేత అని నమ్మాలంటే హ్యాండ్లూమ్ మార్కు చూడండి, అంచు పొడవునా బట్టని సాగదీసి పట్టిన సన్నటి సూది రంధ్రాల వరుస ఉందో లేదో చూడండి. ముదురు రంగైతే మొదటి ఉతుకు విడిగా, చన్నీళ్ళలో. ఈ మాట ఒక చీటీ మీద రాసి బట్టతోపాటే పెట్టండి. తెల్ల పంచెల మధ్య మొదటి ఉతుకులోనే రంగు దిగితే కానుకా పోతుంది, పంచెలూ పోతాయి.

మా లెక్కలో బజారులో కొనేవాటిలో చందా డబ్బుకి అన్నిటికన్నా న్యాయం చేసేది కొండపల్లి బొమ్మ. కొండపల్లి బెజవాడకి ఇరవై కిలోమీటర్ల దూరం, హైదరాబాద్ రోడ్డులో వెళ్ళి ఇబ్రహీంపట్నం దగ్గర మళ్ళాలి. బొమ్మల కాలనీలో తయారుచేసేవాళ్ళ ఇళ్ళ ముందే కొనుక్కోవచ్చు. బెజవాడలో లేపాక్షి అనే ప్రభుత్వ హస్తకళల షోరూంలోనూ దొరుకుతాయి. వీలైతే కొండపల్లికే వెళ్ళండి. అక్కడ ఎంపిక ఎక్కువ, చిన్న మార్పులు అడిగి చేయించుకోవచ్చు.

బొమ్మ ఎలా తయారవుతుందో తెలిస్తే ఎక్కడ విరుగుతుందో కూడా తెలుస్తుంది. కర్ర పేరు తెల్ల పొణికి. చేత్తో పట్టుకుంటే ఇది కర్రేనా అనిపించేంత తేలిక. తేమ పోయేదాకా సన్నటి సెగ మీద ఆరబెట్టి, చేతులు, తల, కాళ్ళు, నెత్తి మీద కుండ అన్నీ విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండికి రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. పైన తెల్లపూత, దాని మీద రంగు. కళ్ళూ కనుబొమ్మలూ మేక వెంట్రుకల సన్న కుంచెతో దిద్దుతారు. అంటే బొమ్మలో బలహీనమైన చోటు కర్ర కాదు, అతుకు. ఆ అతుకు సన్నగా ఉండి, దాని మీద బరువు వేలాడుతుంటే అక్కడే ఊడుతుంది.

ఈ లెక్కన అంబారీ ఏనుగు అన్నిటికన్నా గట్టిది. కాళ్ళు లావు, అతుకులు వెడల్పు. దంతాలొక్కటే జాగ్రత్త. ఎడ్లబండి అందంగా ఉంటుంది కానీ చక్రాలు, కొమ్ములు, కాడి, బండివాడి చేతిలో ములుగర్ర, విరగడానికి అన్ని చోట్లు. తాటిచెట్టెక్కే గీత కార్మికుడి బొమ్మ చూడముచ్చటైనదే. సన్నటి మాను పీఠానికి అతికే చోట అది ఊగుతుంది. పిల్లలు బస్సులో తీసుకెళ్ళే పనైతే వద్దు. దశావతారాల సెట్టు పది బొమ్మలు, చందా పెద్దదైతే. టీచరుకి మేము ముందుగా చెప్పేది కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, నేతగాడు ఉండే వృత్తుల సెట్టు. సోషల్ టీచరైతే మర్నాడే క్లాసులో బల్ల మీద పెట్టి పాఠం చెప్పొచ్చు.

కొనేటప్పుడు బొమ్మని తిరగేసి చూడండి. పీఠం అడుగున కర్ర నార, ఉలి గుర్తులు కనిపించాలి. బరువుగా ఉండి, పక్కన నిలువునా సన్నటి గీతలా అచ్చు అతుకు కనిపిస్తే అది పోతపోసిన ప్లాస్టరో రెజినో. పక్కపక్కనున్న నాలుగు బొమ్మల కనుబొమ్మలూ ఒక్కలాగే ఉన్నా అనుమానించండి, చేత్తో దిద్దినవి అలా ఉండవు. నున్నగా, గుండ్రంగా, లక్క మెరుపుతో ఉండేవి ఏటికొప్పాక బొమ్మలు. అవీ మంచివే, ఆ ఊరు అనకాపల్లి వైపు, ఆ పని వేరు. కొండపల్లి పేరు చెప్పి వాటిని అమ్మితే మాత్రం తీసుకోవద్దు.

రంగు ఆరిందా లేదా అన్నది సెప్టెంబరులో పెద్ద విషయం. పైకి ఆరినట్టున్న ఎనామిల్ లోపల గట్టిపడటానికి ఇంకా కొన్ని రోజులు పడుతుంది, వానల్లో మరీ ఆలస్యం. అడుగున కనపడని చోట గోటితో మెల్లగా నొక్కండి. గుంట పడితే ఇంకా పచ్చిగా ఉన్నట్టే. అలాంటి బొమ్మకి బబుల్ రేపర్ చుడితే బుడగల ముద్రలు రంగు మీద పడతాయి. న్యూస్‌పేపరు చుడితే సిరా అంటుకుంటుంది. ముందు పలచటి నూలుగుడ్డ, దాని పైన బబుల్ రేపర్, పెట్టెలో ఖాళీల నిండా కాగితం ఉండలు. పెట్టె ఊపితే లోపల కదలకూడదు. ఆగస్టు 25 కల్లా కొనిపెట్టుకుంటే ఇంట్లో గాలికి ఆరుతుంది.

బొమ్మ ముందువైపు 'ఫలానా తరగతి విద్యార్థులు బహూకరించినది' అని రేకు అంటించకండి. కోస్తాలో చాలా ఇళ్ళల్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. ముందు రేకుంటే ఆ మెట్ల మీద అది ఎబ్బెట్టుగా ఉంటుంది. తరగతి, సంవత్సరం పీఠం అడుగున పర్మనెంట్ మార్కరుతో రాయండి. చాలు. బొమ్మని తడిగుడ్డతో తుడవకూడదని, మెత్తటి కుంచెతో దుమ్ము దులపాలని ఒక మాట చెప్పండి. చెయ్యో తోకో ఊడితే పారేయక్కర్లేదు, మామూలు చెక్క జిగురు చుక్క పెట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచితే అతుక్కుంటుంది.

పెన్ను ఇవ్వాలనుకునేవాళ్ళకి ఒక సూచన. రాజమండ్రిలో 1932 నుంచి చేత్తో చేస్తున్న రత్నం సిరా పెన్నులున్నాయి, ఎబొనైట్ అనే గట్టి రబ్బరువి. సిరా పెన్నుతో రాయడం అలవాటున్న పాతతరం మాస్టార్లకి దీన్ని మించింది లేదు. డ్రాపరుతో నేరుగా సిరా పోసే రకమైతే రెండు జాగ్రత్తలు. మొదటిసారి సిరా పోసేముందు మామూలు నీళ్ళతో రెండుమూడుసార్లు కడగాలి, తయారీలో మిగిలిన నూనె, పొడి పోతాయి. సిరా పావువంతుకి తగ్గాక చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి సిరా చుక్కలుగా కారుతుంది. అది పెన్ను లోపం కాదు, అప్పుడు మళ్ళీ నింపాలి. పేపర్లు దిద్దే టీచరుకి ఎర్రసిరా సీసా కూడా ఇవ్వండి. బాల్ పెన్నే అలవాటున్నవాళ్ళకి మాత్రం ఇది కొనకండి, డ్రాయరులోనే ఎండిపోతుంది.

ఇక అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువకాలం నిలిచేది ఉత్తరాల పుస్తకం. తరగతిలో నలభైమంది ఉంటే నలభై ఉత్తరాలు, ఒక గట్టి అట్ట. బజారులో దొరికే వాటన్నిటి కన్నా దీనికే మా ఓటు, సరిగ్గా చేస్తేనే.

కాగితం 100 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల్లో బరువు) తీసుకోండి. జిరాక్స్ మిషన్లో వాడే 70 జీఎస్ఎం మీద రాస్తే వెనక పేజీకి అక్షరాలు కనిపిస్తాయి. జెల్ పెన్ను వద్దు, చెమట చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. బాల్ పెన్నుతో, నీలంలో గానీ నలుపులో గానీ. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేస్తే అవి విడి కాగితాల మీదే. ఎడమవైపు నాలుగు సెంటీమీటర్ల మార్జిన్ వదలాలి. దీన్ని మరిచిపోయే తరగతులే ఎక్కువ. విడి షీట్లయితే బైండరు పక్కకుట్టు వేస్తాడు, కుట్టు లోపలికి సెంటీమీటరున్నర పోతుంది, పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, మార్జిన్ లేకపోతే ప్రతి లైనులో మొదటి మాట మింగేస్తుంది. ఏ3 కాగితాన్ని సగానికి మడిచి రాయిస్తే మడత మీద కుట్టొచ్చు, పుస్తకం బల్ల మీద హాయిగా పరుచుకుంటుంది. కాకపోతే ఎవరి పేజీ ఎక్కడొస్తుందో ముందే లెక్కేసుకోవాలి.

బైండింగుకి స్పైరల్ వద్దు, ప్లాస్టిక్ చుట్ట విరుగుతుంది. వేడి జిగురుతో అంటించే పద్ధతీ వద్దు. జిగురు ఎండి పగిలాక పేజీలు ఊడొస్తాయి. దారం కుట్టు, కాలికో గుడ్డ అట్ట అడగండి. గుంటూరు బ్రాడీపేటలో, బెజవాడ ఏలూరు రోడ్డు సందుల్లో కాలేజీ ప్రాజెక్టు రిపోర్టులు బైండు చేసేవాళ్ళు ఈ పని చేస్తారు. అయితే పరీక్షల సీజన్లో, ఆఖరి రోజుల్లో తొందరపెడితే జిగురు పనితో సరిపెట్టేస్తారు. వారం ముందు ఇవ్వండి. నలభై షీట్లకి వీపు మీద పేరు పట్టేంత మందం రాదు, బంగారు అక్షరాలు ముందు అట్ట మీదే వేయించండి.

ఏం రాయాలో పిల్లలకి చెప్పకుండా కాగితాలు పంచితే నలభైమందీ 'మీరు మాకు దైవసమానులు' అనే రాస్తారు. మూడు ప్రశ్నలివ్వండి: ఏ రోజు, ఏ పాఠం, ఏ మాట? దానివల్ల నీకు ఏం తెలిసింది? ఇప్పుడు దాన్ని ఎక్కడ వాడుతున్నావు? 'టాన్ తీటా నాకు ఎక్కకపోతే మీరు జెండా కర్ర నీడ కొలిపించారు. నీడ కర్రతో సమానమైనప్పుడు ఎండ 45 డిగ్రీల్లో ఉందన్నారు. ఇప్పుడు ఏ స్తంభం చూసినా నీడ వైపే చూస్తాను' అని ఒక్క పిల్లాడు రాస్తే లెక్కల మాస్టారికి అదే సన్మానం. తప్పులు దిద్దించడానికి వేరే టీచర్లకి ఇవ్వకండి. పిల్లల రాత పిల్లల రాతగానే ఉండాలి. ఎవరినైనా నొప్పించే మాట ఉందేమో మాత్రం ఒక పెద్దవాళ్ళు చూడాలి.

చందా గురించీ ఒక మాట. ప్రభుత్వ టీచర్లకి 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసెస్ ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది, ఖరీదైన కానుకలు తీసుకోవడం వాళ్ళకి చిక్కు. వెండి, బంగారం, నగదు కవర్లు, గిఫ్ట్ కార్డులు వద్దు. మార్కులు వేసే టీచరుకి ఒక్క పిల్లాడి ఇంటినుంచి ఖరీదైన వస్తువు వెళ్ళడం ఆ టీచరునే ఇబ్బంది పెడుతుంది. తరగతి మొత్తం తరఫున ఒకటే కానుక, తలా ఇంత అని తప్పనిసరి చేయకుండా. ఇవ్వలేని పిల్లల పేర్లు ఎక్కడా రాయకూడదు, ఉత్తరం మాత్రం వాళ్ళదీ ఉండాలి.

రిటైరైన మాస్టారికి పాత విద్యార్థులు ఇచ్చేటప్పుడు అక్షరాలు పెద్దవిగా ఉండాలి. టైపు చేసేది 16 పాయింటుకి తగ్గనివ్వకండి. ప్రతి ఉత్తరం కింద పేరుతోపాటు బ్యాచి సంవత్సరం, కూర్చున్న బెంచీ, అప్పటి ఫొటో ఒకటి పెట్టండి. ముఖం మారిపోయిన విద్యార్థిని పేరుతో గుర్తుపట్టడం కష్టం, పాత ఫొటో చూస్తే వెంటనే పోల్చుకుంటారు. వేదిక మీద ఇచ్చి ఫొటో తీసుకుని వచ్చేయకుండా ఇంటికే తీసుకెళ్ళండి. ముందురోజు ఫోన్ చేసి, సాయంత్రం ఐదు దాటాక.