రెండు వెంకటాపురాలు, ఒక చిన్న ల్యాప్‌టాప్

ములుగు జిల్లాలో వెంకటాపూర్ ఉంది, వెంకటాపురం కూడా ఉంది. మొదటిది రామప్ప గుడికి వెళ్లే దారిలో వస్తుంది. రెండోది గోదావరి అవతలిది, పాతవాళ్లు నూగూరు వెంకటాపురం అంటారు. దసరా సెలవుల్లో హనుమకొండ నుంచి పొద్దున్నే బయల్దేరినప్పుడు మా బావ ఫోన్‌కు ఊరి పేరు చెబితే అది ఏకంగా గోదావరి దాటించే దారి గీసింది. “రామప్పకు గోదారి దాటుడేందిరా?” అని బావ బండి పక్కకు ఆపాడు. ఘనపూర్‌తోనూ ఇదే తిప్పలు. కోటగుళ్లు ఉన్న ఘనపూర్ భూపాలపల్లి జిల్లాలోది, స్టేషన్ ఘనపూర్ జనగామ జిల్లాలోది. హనుమకొండ నుంచి ఒకటి ఈశాన్యానికి, ఇంకొకటి నైరుతికి. అందుకే ఈ వైపు తిరిగేవాళ్లు ఊరి పేరు ఒక్కదాన్నే నమ్ముకోవద్దని చెబుతున్నాను. అక్షాంశం, రేఖాంశం రాసి పెట్టుకోండి. రామప్ప గుడికి 18.259, 79.943 అని నా నోట్‌బుక్‌లో ముందే ఉంది. ల్యాప్‌టాప్‌లో ఆ అంకెలు కొడితే చుక్క సరిగ్గా పాలంపేటలో పడింది.

నా దగ్గర ఉన్నది పదకొండు అంగుళాల చిన్న ల్యాప్‌టాప్, నాలుగు జీబీ ర్యామ్, లినక్స్. మామూలు ల్యాప్‌టాప్‌లలో జీపీఎస్ చిప్ ఉండదు. చుట్టుపక్కల వైఫైలను బట్టి తామెక్కడున్నామో ఊహిస్తాయి, అడవిలో ఆ ఊహకూ ఆధారం ఉండదు. అందుకని యూఎస్‌బీకి తగిలించే జీపీఎస్ రిసీవర్ ఒకటి కొన్నాను. చాలామంది జీపీఎస్‌కు ఇంటర్నెట్ కావాలనుకుంటారు, అవసరం లేదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలను రిసీవర్ వింటుంది, అంతే. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందితే మనం ఎక్కడున్నామో, ఎంత ఎత్తున ఉన్నామో లెక్క తేలుతుంది. ఇంటర్నెట్ కావలసింది పటానికి. ఆ పటాన్ని ఇంట్లోనే దింపుకుంటే దారిలో సిగ్నల్ పోయినా టెన్షన్ లేదు.

పటం కోసం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా తీసుకున్నాను, అది జనమే కలిసి గీసే, ఎవరైనా దిద్దగల ఉచిత పటం. దక్షిణాది రాష్ట్రాలన్నీ కలిపి ఒకే మూటగా వస్తుంది. దాన్ని అలాగే క్యూజీఐఎస్ అనే పటాల ప్రోగ్రామ్‌లో తెరిస్తే నాలుగు జీబీ ర్యామ్ మోయలేదు, ప్రతి జరుపుకూ తెర ఆగిపోతుంది. నాకు కావలసిన నాలుగు జిల్లాల మేరకు, హనుమకొండ, వరంగల్, ములుగు, భూపాలపల్లి, కత్తిరించి వేరే ఫైలుగా దాచాక హాయిగా నడిచింది. రోడ్లు, చెరువులు, వాగులు, ఊళ్లు ఉంచి మిగతా పొరలు తీసేశాను.

ఇబ్బంది రిసీవర్‌తో వచ్చింది. మొదటి రాత్రి హనుమకొండ లాడ్జి గదిలో ఎంత ప్రయత్నించినా క్యూజీఐఎస్ దాన్ని గుర్తించలేదు. గంటన్నర పోయాక తెలిసింది ఏమిటంటే, రిసీవర్ అంకెలు పంపే దారి, అంటే సీరియల్ పోర్టు, వాడే అనుమతి నా యూజర్‌కు లేదు. డయల్అవుట్ అనే గ్రూపులో నా పేరు చేర్చి, లాగౌట్ అయి మళ్లీ వచ్చాక వరసగా అంకెలు రావడం మొదలైంది. ఇంకో సంగతి, ఆ పోర్టును ఒక ప్రోగ్రామ్ పట్టుకుంటే రెండోదానికి దొరకదు. జీపీఎస్‌డీ అనే చిన్న ప్రోగ్రామ్‌ను మధ్యలో పెడితే అది అందరికీ పంచుతుంది. ప్రయాణానికి రెండు రోజుల ముందే ఇంటి డాబా మీద ఇదంతా సరిచూసుకోవడం మంచిది.

ఆ లాడ్జి గురించి కూడా చెప్పాలి. నక్కలగుట్టలోని హరిత కాకతీయలో గదులు ఖాళీ లేక బస్టాండ్ దగ్గర దిగాం. గది శుభ్రం, నీళ్లు వేడి, కానీ ప్లగ్గు ఒక్కటే, అదీ తలుపు పక్కన. రెండు ఫోన్లు, కెమెరా, ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు అది చాలదు. మర్నాడు చౌరస్తాలో ఎక్స్‌టెన్షన్ బోర్డు, యూఎస్‌బీ పొడుగు వైరు కొన్నాను. ఆ వైరు వల్లే రిసీవర్‌ను డ్యాష్‌బోర్డు మీద అద్దం దగ్గర ఉంచగలిగాం. కారులో చార్జింగ్‌కు ఇన్వర్టర్ వద్దు, అనవసరంగా కరెంటు వేడిగా పోతుంది. టైప్-సి ల్యాప్‌టాప్ అయితే సిగరెట్ సాకెట్‌లో పెట్టే 45 వాట్ల చార్జర్ చాలు.

వేయి స్తంభాల గుడి తెల్లవారగానే చూసి బయల్దేరాం. బండి కదలకముందు ఆరుబయట రెండు నిమిషాలు ఆగితే రిసీవర్ త్వరగా కుదురుకుంటుంది. ప్రతి ఉపగ్రహం తన కక్ష్య వివరాలు పూర్తిగా చెప్పడానికి 30 సెకన్లు పడుతుంది, మధ్యలో చెట్టో గోడో అడ్డొస్తే మళ్లీ మొదటి నుంచి వినాలి. జంగాలపల్లి దగ్గర హైవే వదిలి ఎడమకు తిరిగాం. రామప్ప గురించి ఎంత చెప్పినా తక్కువే. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించినది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినది, నల్లరాతి మదనికలు ఎండ పడినప్పుడు నిగనిగలాడతాయి. మూడు గంటలున్నాం, చాలలేదు.

ఆ రాత్రి లక్నవరం కాటేజీలో. వేలాడే వంతెన మీదుగా సామాను మోసుకుపోవాలి, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు బరువు తగ్గించుకోండి. భోజనం పర్వాలేదు, ధర ఎక్కువ. కానీ ల్యాప్‌టాప్ తెచ్చినందుకు నిజమైన సంతోషం నాకు అక్కడే దొరికింది. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తుల డేటా ఉచితంగా దొరుకుతుంది. దానితో ఎత్తు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, గీసి చెరువుల పొర మీద పరిచాను. రామప్ప చెరువు, లక్నవరం రెండింటికీ చుట్టూ గుట్టలే. గుట్టకూ గుట్టకూ మధ్య సందు ఎక్కడుందో కాకతీయులు అక్కడే కట్ట వేశారు. పగలు కట్ట మీద నడిచినప్పుడు నాకిది కనపడలేదు. బావ తెర మీద వేలు పెట్టి చూపిస్తూ, “ఇంత చిన్న కట్టతోటి ఇన్ని నీళ్లు ఆపిండ్రు” అన్నాడు. నర్సంపేటలో పాకాల చెరువు కింద పొలం ఉన్న మనిషి ఆయన. అర్ధరాత్రి దాకా పాకాల కట్ట గురించే మాట్లాడుకున్నాం.

బండి నడుస్తుండగా మాత్రం ల్యాప్‌టాప్ అంత ఉపయోగం లేదు. ఎండకు తెర కనపడదు, ఒడిలో వేడెక్కుతుంది. మలుపులు చెప్పడానికి ఫోన్‌లో ఆఫ్‌లైన్ పటమే మేలు. ల్యాప్‌టాప్ పని తిరిగిన దారిని నమోదు చేయడం, రాత్రి దాన్ని చూసుకోవడం. ఫైలులో వేళలు మన టైములో కాక అంతర్జాతీయ టైములో (యూటీసీ) పడతాయి, అందుకే వాటికి అయిదున్నర గంటలు కలుపుకోవాలి. ఉదయం 7.40కి టీ తాగితే ఫైలులో 2.10 అని ఉంటుంది.

పస్రా దగ్గర డీజిల్, గాలి చూసుకుని తాడ్వాయి మీదుగా మేడారం వైపు తిరిగాం. అడవిలో ఫోన్ సిగ్నల్ పోయింది. టేకు చెట్ల కింద రిసీవర్ చూపే చుక్క కూడా అటూ ఇటూ జరుగుతూ వచ్చింది, కానీ దారి తప్పేంత కాదు. గద్దెల దగ్గర దండం పెట్టుకున్నాం. జాతర లేని రోజు కదా, జంపన్న వాగు ఒడ్డున పదిమంది కూడా లేరు.

తిరుగు దారిలో పొరపాటు చేశాను. పటంలో ఒక అడ్డదారి గీత కనిపించింది, నేనే బావను అటు తిప్పమన్నాను. రెండు కిలోమీటర్లు పోయాక వాగు. పటంలో గీత ఆగకుండా అవతలికి పోతోంది, ఇక్కడ కల్వర్టు లేదు. మేకలు కాస్తున్న పెద్దాయన చేతికర్ర ఎత్తి ఆపాడు. “అటు పోకుండ్రి సారూ, ఇసుకల దిగబడ్తది. ఎండకాలమైతే పోవచ్చు.” ఆయన చెప్పకపోతే బండి ఆ రాత్రి వాగులోనే ఉండేది. ఆయనకు తెర చూపించి చుట్టూ ఉన్న గూడేల పేర్లు చదివాను. రెండు తప్పని చెప్పి, సరిగ్గా ఎలా పలకాలో నాతో రెండుసార్లు అనిపించాడు.

ఇంటికొచ్చాక ఆ గీతను వాగు దగ్గర విడగొట్టి, వంతెన లేదని, వానాకాలం దాటలేమని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో రాశాను. ఆ రెండు పేర్లూ తెలుగులో దిద్దాను. ఆ పక్కనే మరో నాలుగు గూడేలకు పటంలో అసలు పేర్లే లేవు. ఎండాకాలంలో వాగు ఎండాక వెళ్లి, అక్కడివాళ్లనే అడిగి రాసుకురావాలని బావా నేనూ అనుకున్నాం.